లైను లేని జంక్షను

మైసన్నకు దేవుడు గొంతు ఇచ్చాడు. పోసేటప్పుడు చేయి జారి, తలకాయ కోసం ఉంచినది కూడా అందులోనే పోసేశాడని మైసన్నే చెప్పుకునేవాడు. ఎవరూ కాదనేవారు కాదు.

ఎల్లారెడ్డిలో అతని పని డప్పు చాటింపు. పటేలు హుకుం ఏదున్నా డప్పు భుజాన వేసుకుని వాడవాడా తిరిగి చెప్పాలి. కూలి లేదు. అది వెట్టి. పంటలప్పుడు గుర్తుంటే కుంచెడు వడ్లు కొలిచేవారు. గుర్తుండేది కాదు.

చాటింపుకు ఒక వరస ఉండేది. మొదట ఊరి పేరు. తరువాత హుకుం ఎవరిదో. తరువాత ఏ వాడవాళ్లు వినాలో. అన్నీ అయ్యాక, చివరన, అసలు సంగతి: రేపు పొద్దున ఇంటికొకరు బాట పనికి రావాలి. అందుకే చాటింపు నడుస్తుండగా ఎవరూ కదలరు. చేతిలో ముద్ద ఉంటే చేతిలోనే ఉంటుంది.

నిజాంసాగరు కట్ట పూర్తయిన కొత్తలో, పటేలును రైలెక్కించడానికి నెత్తిన ట్రంకు పెట్టె పెట్టుకుని మైసన్న కామారెడ్డి వచ్చాడు. ఆ రోజుల్లో స్టేషను పేరు చదివి దిగేవాళ్లు తక్కువ. బండి ఆగగానే పోర్టరు పేరు అరవాలి. అప్పటి పోర్టరు ముసలివాడు. దగ్గుల మధ్య ఊరి పేరు సగమే బయటికి వచ్చేది. గుంపులో పటేలు తప్పిపోయేసరికి మైసన్న ఒక్క కేక వేశాడు. ఇంజనుకు నీళ్లు పట్టిస్తున్న డ్రైవరు ఏం విరిగిందోనని కిందికి దిగాడు. స్టేషన్ మాస్టరు మజహర్ సాబ్ గదిలోంచి వచ్చి, కేక వేసినవాణ్ని పట్టుకురమ్మన్నాడు. మైసన్న తన్నులకు సిద్ధపడ్డాడు. దొరికింది నౌకరీ.

నీలం కోటు ఇచ్చారు. గొంతుకు జీతం ఇస్తారని అతనికి అప్పటిదాకా తెలియదు. మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే, ఎవరి ఇంట్లో జొరబడ్డావని భార్య ఈరవ్వ అడిగింది.

స్టేషను చిన్నది. ఇంజన్లకు నీళ్ల ట్యాంకు. గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. హిందువుల నీళ్లకు ఒక కుండ, ముసల్మానుల నీళ్లకు ఒక కుండ. బెల్లం దిమ్మెల మీద ఈగలు ముసిరే గోదాము. వెనక వేపచెట్ల కింద ఎల్లారెడ్డి వైపు పోయే ఎడ్లబండ్లు. పట్టాలు ఒక దిక్కు నుంచి వచ్చి ఇంకో దిక్కుకు పోతాయి. నడుమ ఎటూ చీలవు. మైసన్నకు అందులో లోటేమీ కనబడలేదు, సికింద్రాబాదు చూసేదాకా.

ఒకసారి మజహర్ సాబ్ సామాను మోసుకుని అక్కడికి పోయాడు. అక్కడ అరిచేవాడు ఒక్క ఊరి పేరుతో ఆగలేదు. కాజీపేట, బెజవాడ అటు, మన్మాడు ఇటు అని దేశమంతా పంచిపెట్టాడు. దాన్ని జంక్షను అంటారని తెలిసింది. తిరుగు ప్రయాణంలో మైసన్న కళ్లు మూయలేదు. మనకు మాత్రం ఊళ్లు లేవా అనుకున్నాడు.

మర్నాడు బండి ఆగింది. మైసన్నకు డబ్బాల వెంట నడవనక్కర్లేదు, ప్లాటుఫారం నడుమ నిలబడితే చాలు.

"కామారెడ్డి టేషన్! సర్కారు వారి రైలు! ఎల్లారెడ్డి పోయేటోళ్లు, గాంధారి పోయేటోళ్లు, బాన్సువాడ, పిట్లం, మద్నూరు పోయేటోళ్లు ఇనుండ్రి..."

ఆ తరువాత బండ్లు ఎక్కడుంటాయో చెప్పాడు. నీళ్లు ఎక్కడో చెప్పాడు. ఏ బండివాడు ఎడ్లను కొట్టకుండా తోలుతాడో చెప్పాడు. డప్పు ఒక్కటే తక్కువ. రోజురోజుకూ ఊళ్లు పెరిగాయి. రైలు కదిలినా అతను ఆపేవాడు కాదు. ఆఖరి డబ్బాకు మద్నూరు బాట చెప్పి మరీ సాగనంపేవాడు. కామారెడ్డి జంక్షను అయింది. లైను ఒక్కటే రాలేదు.

కొన్నాళ్లకు జనం తప్పు దిక్కు నుంచి రావడం మొదలైంది. ఇక్కడ దిగవలసినవాళ్లు తరువాతి స్టేషను ఉప్పల్వాయి దాకా పోయి, పట్టాల వెంట నడిచి వస్తున్నారు. తన గొంతు సన్నబడిందనుకున్నాడు మైసన్న. మిరియాలు నమిలాడు. ఇంకా గట్టిగా, ఇంకా వివరంగా అరిచాడు. ఇంకా ఎక్కువమంది ఉప్పల్వాయి చూసి వచ్చారు.

ఫిర్యాదులు పైకి పోయాయి. మజహర్ సాబ్ అతన్ని పిలిచి, శుక్రవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని చెప్పాడు. ఆ రోజు ఒక్క మనిషి దిగకుండా పోయినా మైసన్న కోటు విప్పాలి. కోటు విప్పితే మిగిలేది పటేలు డప్పే.

ఆ మధ్యాహ్నమే గాంధారి ముసలమ్మ చంద్రవ్వ పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చి కూలబడింది. మైసన్న నీళ్లిచ్చి, తన అరుపు వినబడలేదా అని అడిగాడు.

"ఇనవడకేమి బిడ్డా, మంచిగ ఇనవడ్డది. డబ్బల అందరం సప్పుడు చెయ్యకుంట ఇన్నం."

"మరెందుకు దిగలేదవ్వా?"

"నువ్వు సాటింపు ఏస్తుంటే నడుమల లేసి పోతరా ఎవలన్న? అసలు ముచ్చట ఆఖర్కే ఉంటది గద. పన్ను ముచ్చటో, వెట్టికి పట్టుకపోయే ముచ్చటో. అది రాకముందే బండి కదిలె."

మైసన్న ఆమె కాళ్ల దుమ్ము చూస్తూ కూర్చున్నాడు. జనాన్ని రైల్లోంచి దింపే నౌకరీలో ఉండి, ఇన్నాళ్లూ జనాన్ని కూర్చోబెట్టాడు. ఆ పని తనంత బాగా ఇంకెవరూ చేయలేరని కూడా తోచింది.

సంగతి మజహర్ సాబ్‌కు చెప్పాడు. ఆయన నవ్వలేదు. "నామ్ బోలో, బస్. పేరు చెప్పు, నోరు మూసెయ్" అన్నాడు.

శుక్రవారం బండి నిండుగా వచ్చింది. తెల్ల దుస్తుల ఇన్‌స్పెక్టరు ముందు డబ్బాలోంచి దిగి మజహర్ సాబ్ పక్కన నిలబడ్డాడు. మైసన్న నడుమకు పోయి "కామారెడ్డి" అన్నాడు. నోరు మూశాడు.

ఎవరూ దిగలేదు.

కిటికీలన్నిటిలో ముఖాలు. అందరూ అతని నోటి వైపే చూస్తున్నారు. ఊరి పేరు అయింది; ఇక హుకుం ఎవరిదో చెప్పాలి. ఒక చంటిది ఏడవబోతే తల్లి దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇంజనుకు నీళ్లు పట్టడం అయిపోయింది. గార్డు జెండా తీశాడు. ఇన్‌స్పెక్టరు మజహర్ సాబ్ వైపు చూశాడు. మజహర్ సాబ్ తన టోపీ సర్దుకున్నాడు.

మైసన్న గొంతులో బాన్సువాడ ఉంది, పిట్లం ఉంది, ఎడ్లను కొట్టని బండివాడున్నాడు. అన్నిటినీ మింగాడు. రెండు చేతులూ ఖాళీగా ఎత్తి చూపించాడు.

"అంతే. ఇంకేం లేదు. దిగుండ్రి."

బస్తా పిగిలినట్టు జనం దిగారు. మూట భుజాన వేసుకుంటూ ఒకతను, గింతేనా అన్నాడు. మోసపోయినవాడి ముఖం అది.

ఆ అరిచినవాడు ఏమన్నాడని ఇన్‌స్పెక్టరు ఉర్దూలో అడిగాడు. చెప్పడానికి ఏమీ లేదని చెప్పాడు హుజూర్ అన్నాడు మజహర్ సాబ్. అందుకోసం ఇంత గొంతా అని ఇన్‌స్పెక్టరు కాసేపు మైసన్నను ఎగాదిగా చూసి, బండెక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు ఉప్పల్వాయి నుంచి ఎవరూ నడిచి రాలేదు.

యుద్ధం వచ్చి బండ్లు సిపాయిలతో నిండిపోయేదాకా మైసన్న ఆ నాలుగు మాటలే అరిచాడు. కామారెడ్డి, అంతే, ఇంకేం లేదు అని రోజూ చాటితే తమ దుకాణాలు ఏమైనట్టని బెల్లం సావుకార్లు కొంతకాలం అలిగారు. బేరగాళ్లు మీ బజారుకు రావాలా, ఉప్పల్వాయికి పోవాలా అని మజహర్ సాబ్ అడిగాక ఊరుకున్నారు.

ఆ శుక్రవారం సాయంత్రం మైసన్న ఇంటికి పోయేసరికి ఈరవ్వ రొట్టె కాలుస్తోంది. నౌకరీ ఉందా పోయిందా అని వెనక్కి తిరగకుండానే అడిగింది. ఉందన్నాడు. ఎట్లా నిలిచిందో చెప్పాడు.

ఆమె రొట్టె తిప్పింది.

"నోరు మూసుకుంటె జీతమిస్తరని ముందుగాల ఎరుకైతే, లగ్గమైన నాడే మూపిద్దును గద."

దీనికి మైసన్న దగ్గర జవాబు ఉంది, చాలా పెద్దదే. కోటు కొయ్యకు తగిలించి తినడానికి కూర్చున్నాడు.