పన్నెండో చాప

"...పెళ్ళివాళ్ళు లోపలికి రాగానే ముందు కనపడేది ఆ గోడే. అక్కడ ఒక ఖైదీని పెట్టుకుని కూర్చుంటే మనల్ని ఏమనుకుంటారు?" అంది ఆడపడుచు తోలాకెలే.

"ఖైదీ అనకు వదినా. రాజు," అంది మాఖోజా, గోడకి రంగు వేస్తున్న చెయ్యి ఆపకుండా.

"పట్టుబడ్డ రాజు. వెనకాల తుపాకులు పట్టుకుని ముగ్గురు తెల్లవాళ్ళు. మా నాన్న ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఈ ఇంటికి పెద్దదాన్ని నేను. నేను తెచ్చిన గడియారం పెట్టు. బంగారు అంచు కూడా ఉంది."

"పొద్దున్నుంచీ అది పదిన్నర దగ్గరే ఉంది."

"బ్యాటరీ వేస్తే తిరుగుతుంది. నీ రాజుకి ఏం వేస్తే నవ్వుతాడు?"

రంగు కోసం దించిన పటం ఎదుటి గోడకి ఆనించి ఉంది. అది మాఖోజా మామగారు డర్బన్ ఓడరేవులో పనిచేసిన రోజుల్లో కొని తెచ్చినది. కుర్చీలో, ఇంగ్లీషువాళ్ళు యుద్ధంలో పట్టుకుని ఓడ ఎక్కించి పంపేసిన మా జూలూల రాజు సెత్ష్వాయో, భుజాల చుట్టూ గుడ్డ, వెనక సైనికులు. మా మహ్లాబతినీ కొండల్లో ఆ పటం ఇంకో రెండు మూడిళ్ళలోనూ ఉంది. కానీ వాటి కింద చాప లేదు.

మాఖోజా అసలు పేరు ఫుమెలాఫీ. పెళ్ళయిన ఆడదాన్ని మేము పుట్టింటివాళ్ళ ఇంటిపేరుతో పిలుస్తాం కాబట్టి ముప్ఫై నాలుగేళ్ళుగా ఆమె మాఖోజాయే. పుట్టిల్లు సముద్రం వైపు. అక్కడి ఆడవాళ్ళు చలికాలం మొదట్లో మోకాలి లోతు బురదలో దిగి తుంగ కోసి, ఎండబెట్టి, చాపలు అల్లుతారు. ఆమె ఈ కొండల్లోకి తెచ్చుకున్న చదువు అదొక్కటే. భర్త గనుల్లోంచి దగ్గుతో తిరిగొచ్చి ఆరేళ్ళ కిందట పోయాడు. కొడుకు ఫిలానీని చాపలే చదివించాయి.

ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో గోడమీద ఉన్న ఆయన ఎవరో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. అత్తింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు. కుర్చీలో అంత నిబ్బరంగా కూర్చున్నాడంటే మామగారి తండ్రే అయ్యుంటాడనుకుంది. ఆ గదిలోకి వెళ్ళినప్పుడల్లా తలగుడ్డ సర్దుకుని, భుజాలు కప్పుకుని వెళ్ళేది. ఆయనకి వీపు చూపించకుండా వెనక్కి నడిచి బయటికొచ్చేది.

మా ఆచారం ప్రకారం కొత్త కోడలు అత్తింటివాళ్ళకి చాపలూ దుప్పట్లూ పంచే రోజు వచ్చింది. ఉన్నవాళ్ళకీ, పోయినవాళ్ళకీ అందరికీ పెట్టాలి. అందరికీ పెట్టాక ఫుమెలాఫీ ఇంకో చాప విప్పి పటం కింద పరిచింది. "పెద్ద తాతగారికి," అంది తల వంచుకుని.

ముందు ఒకరు నవ్వారు. తర్వాత గదంతా నవ్వింది. "కొత్త కోడలు రాజుగారితో వియ్యం కలిపిందిరోయ్!" అని బయటున్నవాళ్ళకి కూడా కేకేసి చెప్పారు. ఫుమెలాఫీకి నేల చీలితే బాగుండుననిపించింది. చాప చుట్టబోయింది.

"అలా ఉండనీ," అన్నాడు మామగారు. ఆయన నవ్వలేదు. "ఓడ ఎక్కించిన రోజున ఆయనకి మన చాప ఎవరు వేశారు? ఈ పిల్ల వేసింది. నవ్వినవాళ్ళు సిగ్గుపడండి."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆమెని కొత్త మనిషిగా చూడలేదు. పటం కింది చాప పాతబడ్డప్పుడల్లా ఆమె కొత్తది అల్లి వేస్తూనే ఉంది.

ఇప్పుడు ఫిలానీకి పెళ్ళి. ఈ శనివారం ఖెతివే అనే అమ్మాయి చాపలు పంచబోతోంది. ఈ లోయలో చాపలు అల్లేది మాఖోజా ఒక్కతే మిగిలింది కాబట్టి, ఖెతివే వాళ్ళమ్మ ఆమెకే చెప్పి పదకొండు అల్లించుకుంది. అత్తగారికి పెట్టే చాప కూడా అత్తగారే అల్లిందని లోయంతా నవ్వుకుంటోంది.

మధ్యాహ్నానికి రెండు గోడలు పూర్తయ్యాయి. మాఖోజా మొక్కజొన్న సంకటి, గట్టి పెరుగు తెచ్చింది. తోలాకెలే మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, దగ్గర్లో ఉన్న చాపమీద కూలబడింది. అది రాజుగారి చాప. పటం సరిగ్గా ఆమె మొహానికి ఎదురుగా ఉంది.

చెంచా నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఈయన నేల చూస్తున్నాడు కదా?"

"ఎవరన్నారు?"

"ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాను. తల దించుకున్నాడని."

"పైన ఉంటే కిటికీ వెలుగు పడి అద్దమే కనపడేది వదినా. నేను రోజూ కింద వంగి చాప దులుపుతూ చూసేదాన్ని కాబట్టి నాకు తెలుసు."

తోలాకెలే పటం మీదికి వంగింది. "నన్నే చూస్తున్నాడు."

"మరి ఆ వెనకాల వాళ్ళని చూడు. పెద్దాయన కూర్చుని ఉంటే ఎలా నిలబడ్డారో! మన పిల్లలు అలా నిలబడితే ఊరుకుంటామా?"

"వీపు విమానం మోత మోగదూ!" తోలాకెలే పకపకా నవ్వింది. పెరుగు ఒళ్ళో పడింది. తుడుచుకుంటూ, తల ఎత్తకుండా అంది: "ఆ రోజు ముందు నవ్వింది నేనే."

"తెలుసు. నీ గొంతు ఎక్కడున్నా తెలుస్తుంది."

"మా నాన్న అందరి ముందూ తిట్టాడు. నువ్వు వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. నిన్ను వెనకేసుకొచ్చాడు."

మాఖోజా గిన్నె కింద పెట్టింది. "ఇంకొంచెం పెరుగు వెయ్యనా?" అంది.

"వెయ్యి."

అప్పుడే ఫోన్ మోగింది. మాఖోజా స్పీకర్ నొక్కింది. ఫిలానీ.

"అమ్మా, ఖెతివే వాళ్ళు చాపల కోసం బయల్దేరుతున్నారు. పదకొండేనా అని అడుగుతోంది. గోడమీద రాజుగారికి ఎవరు పెడతారు, నేనా, మీ అమ్మా అంటోంది. నవ్వకు, నిజంగానే అడుగుతోంది."

మాఖోజా ఫోన్ ఆడపడుచు ముందుకి చాపింది. "ఇంటికి పెద్దదానివి. నువ్వే చెప్పు."

తోలాకెలే ఫోన్ తీసుకుని పటం వైపు తిరిగింది.

"ఒరేయ్ ఫిలానీ, నేను అత్తయ్యని. పన్నెండు అని చెప్పు, ఇంకోటి మీ అమ్మ శనివారం లోపు అల్లేస్తుంది. వచ్చేటప్పుడు సుత్తి, మేకు పట్టుకురా. పటాన్ని ఈసారి గోడకి బాగా కిందగా కొట్టాలి, చూడాలనుకున్నవాళ్ళు ఈ చాపమీద కూర్చుని చూస్తారు."