నోట్లో గుండుసూదులు

“మా పాప ఎప్పటికీ మాట్లాడకపోతే ఏం చెయ్యాలండీ?”

ఆ మాట పైకి అనడానికి అతను ఎన్నాళ్లుగానో ధైర్యం కూడగట్టుకున్నాడు. తీరా అడిగింది మాత్రం జవాబు చెప్పలేని స్థితిలో ఉన్న మనిషిని. కత్తెరక్క నోటి నిండా గుండుసూదులున్నాయి. ఆవిడ కర్టెన్ అంచు మడిచి, పెదాల మధ్య నుంచి ఒక్కో సూదీ లాగి గుచ్చుతూ, కళ్లెత్తి “ఊఁ” అంది. ఆ ఊఁకి ‘ఆగు’ అని అర్థం. దర్జీ గదిలో పనిచేసేవాళ్లందరికీ అది తెలుసు. అతనికి తెలియదు కాబట్టి ఆగలేదు.

“రెండేళ్లు దాటాయి కదండీ. వినికిడి పరీక్ష చేయించాం. చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఇంకొన్నాళ్లు చూద్దాం, పిల్లతో బాగా మాట్లాడుతూ ఉండండి అన్నారు డాక్టరు గారు. నేను నోరు మూస్తే ఒట్టు! అయినా ఒక్క ముక్క లేదు. అమ్మ లేదు, నాన్న లేదు. ఒకవేళ ఇదేదైనా...”

ఆఖరి సూది కర్టెన్‌లోకి దిగింది.

“సైంటిస్టు బాబూ, ఇంతకీ నువ్వు అడిగావా, చెప్పావా?” అంది కత్తెరక్క.

అతను నిజానికి సైంటిస్టు కాదు. రసాయనశాస్త్రం చదువుకుని, తాగునీటిని పరీక్షించే ల్యాబులో పనిచేస్తాడు. పాపను చూసుకునే ఆవిడ ఉన్నట్టుండి మానేసినప్పుడు, పై అంతస్తులో కాపురముంటున్న ఈ ఉద్యోగస్తుల జంటకి కింది గదిలోని కత్తెరక్కే దిక్కయింది. “ఇక్కడ వదిలెయ్యండి, బట్టల మధ్య బట్టలా పడి ఉంటుంది” అంది. మొదటిరోజే అతను కత్తెర పిడి మీద ఎన్ని రకాల సూక్ష్మజీవులుంటాయో చెప్పబోయాడు. ఆవిడ ఓపిగ్గా విని ఆ పేరు పెట్టేసింది. మర్నాడు అతను ల్యాబు నుంచి పెద్ద అయస్కాంతం తెచ్చాడు, నేల మీద రాలిన సూదులు ఏరడానికి. అది మాత్రం ఆవిడకి తెగ నచ్చింది. రోజూ పాప రాకముందే గదంతా దాంతో ఊడ్చేది. కత్తిరించే బల్ల కింద దుప్పటి పరిచి, చుట్టూ పాత మంచం పట్టెలతో కంచె కట్టి, పాపకి గువ్వ అని పేరు పెట్టి అందులో కూర్చోబెట్టేది.

కత్తెరక్క బతుకులో సగం గుడ్డ, సగం కథ. మేనత్త దగ్గర స్కూలు యూనిఫారాలకు బొత్తాలు కుడుతూ పెరిగింది. పెళ్లయ్యాక రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ మిషన్ల హోరు, పైగా మాట్లాడితే సూపర్‌వైజర్ ఉరిమి చూసేవాడు. సాయంత్రం ఓవర్‌టైమ్ పడినవాళ్లకి టీవీ సీరియల్ చూసే యోగం ఉండేది కాదు. అందుకని భోజనాల వేళ ఈవిడ చుట్టూ చేరి, ముందురోజు కథ చెప్పించుకునేవాళ్లు. ఈవిడ చెప్తే అసలు సీరియల్ కన్నా బాగుంటుందని, ఇంట్లో ఉండి కూడా చూడకుండా వచ్చినవాళ్లున్నారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగతావాళ్లకి చేతిలో పని మాత్రం మిగిలింది. ఈవిడకి శ్రోతలు కూడా మిగిలారు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే మొగుడికి సీరియళ్లంటే ఒళ్లుమంట. అయితే రోజూ సరిగ్గా ఆ వేళకే టీవీ ఉన్న గదిలో ఆయన వస్తువేదో పోయేది, గంటసేపు వెతికినా దొరికేది కాదు.

ఆ తర్వాత తెరిచిన ఈ దర్జీ కొట్లో మాత్రం టీవీ పెట్టనివ్వలేదు. “కళ్లు అటుంటే కుట్టు ఇటు పోతుంది” అనేది. నిన్న రాత్రి ఎవరిళ్లలో వాళ్లు చూసింది ఇవాళ ఇక్కడ కొట్లాడుకోవాలి. చూడనివాళ్లకి ఈవిడ చెప్పాలి. ఆ చెప్పడంలో ఒక చిక్కుంది. కథ మంచి పట్టులో ఉండగా గుడ్డకి సూదులు గుచ్చాల్సి వస్తుంది. సూదులు నోట్లోకి వెళ్తాయి. కథ అక్కడికక్కడే కొయ్యబారిపోతుంది. వినేవాళ్లు గిలగిల్లాడి “తర్వాత?” అంటారు. ఆవిడ “ఊఁ” అంటుంది. ఎంతమంది బతిమాలినా ఆఖరి సూది దిగేదాకా అంతే సంగతులు.

అందరూ కొట్లాడుకునేది ఎనిమిదింటి సీరియల్ గురించి. అది మొదలైనప్పుడు, కొట్లో బొత్తాలకు కాజాలు కుట్టే అమ్మాయి బడికి వెళ్తుండేది. ఇప్పుడామెకి పెళ్లయి కొడుకున్నాడు. సీరియల్లో హీరో హీరోయిన్లకి మాత్రం ఇంకా కాలేదు. హీరో ఓడ కెప్టెన్. అతను ప్రేమించిన పిల్లకి ప్రమాదంలో గతమంతా మరుపున పడింది. కెప్టెన్ రోజూ ఒక తెల్లపువ్వు తెచ్చి, తనెవరో కొత్తగా పరిచయం చేసుకుంటాడు. ఆ పిల్ల రోజూ “మీరెవరు?” అంటుంది. పక్కన ఒక నర్సు కెప్టెన్ని మూగగా ఆరాధిస్తుంటుంది. కత్తెరక్కది పువ్వు పార్టీ, కాజాల పిల్లది నర్సు పార్టీ. ఆ రచయిత ఏ మలుపు తిప్పబోతున్నాడో తనకి ముందే తెలిసిపోతుందని కత్తెరక్క ధీమా. చాలాసార్లు తెలిసేది కూడా.

పాప తండ్రికి ఇవేవీ తెలియవు. కొట్లో టీవీ లేదని సంబరపడ్డాడు, అంతే. ఒకరోజు ల్యాబులో కరెంటు పోయి పెందలాడే వచ్చి, గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో చెవిన పడింది.

“విషం కలిపింది కన్నతల్లేనక్కా! పాలగ్లాసు పట్టుకున్నది ఎడమచెయ్యి, నేను కళ్లారా చూశా!”

“ఎడమచెయ్యయితే తల్లేనా? మీ ఆయనది కూడా పుర్రచెయ్యేగా, పోలీసులకి పట్టిద్దామా?”

“నా కాఫీలో పంచదారే సరిగ్గా కలపడు, ఆయనెక్కడ విషం కలుపుతాడు!”

కంచెలో కూర్చున్న పాప, మాట ఎటు వెళ్తే తల అటు తిప్పుతూ, కేరింతలు కొట్టి చప్పట్లు చరిచింది. అతని గుండె జారిపోయింది. ఈ వయసులో మెదడులో నాడీకణాల మధ్య లక్షల అతుకులు పడతాయని అతను చదివాడు. ఆ అతుకులన్నీ ఇక్కడ విషంతో, కన్నీళ్లతో, ఎడమచెయ్యి హంతకులతో పడుతున్నాయన్నమాట! పిల్లకి మాటలెలా వస్తాయి? ఇంటికెళ్లి భార్యకి చెప్తే, “గువ్వకి అక్కడ బాగానే ఉంది. మాన్పించాలనుకుంటే నువ్వే చెప్పుకో, నాకు నోరు రాదు” అంది. రంగురంగుల బొమ్మలూ అక్షరాల అట్టలూ ఉన్న శిశు కేంద్రం ఒకటి చూసి, వచ్చేవారం నుంచి చేరుస్తానని మాటిచ్చేశాడు. ఇక కత్తెరక్కకి చెప్పడమే మిగిలింది.

చెప్పాలని సెలవు పెట్టుకుని దిగిన రోజు, కొట్టు చావు జరిగిన ఇల్లులా ఉంది.

మిషన్లు ఆడటం లేదు. కాజాల పిల్ల కళ్లు ఉబ్బి ఉన్నాయి. కత్తెరక్క ఎదుట జాకెట్టుకి కత్తిరించిన రెండు చేతుల ముక్కలు పరిచి ఉన్నాయి, రెండూ ఎడమ చేతివే. ఇన్నేళ్ల వృత్తిలో ఆవిడ అలా కత్తిరించడం ఎవరూ ఎరగరు. పాప కూడా కంచె పట్టె పట్టుకుని నిలబడి బిత్తరపోయి చూస్తోంది.

“ఏమైందండీ? ఎవరికైనా...”

“నన్నడక్కు బాబూ,” అంది కత్తెరక్క. “నెత్తిన పిడుగు పడింది. ఊహించలేదు. కలలో కూడా ఊహించలేదు.”

అప్పుడే టీచరమ్మ వచ్చింది. పక్కవీధిలో ఉండే రిటైరైన లెక్కల టీచరు. పాత కోటు వదులు చేయించుకోవడానికని వారానికోసారి వస్తుంది, ఆ కోటు ఎప్పటికీ పూర్తికాదు.

“రాత్రి కరెంటు పోయి చచ్చాను! పెళ్లయిందా లేదా?”

కత్తెరక్క లేచి, కోటు ఆవిడ భుజాలకి తొడిగి, మెడ దగ్గర గుడ్డ మడుస్తూ మొదలుపెట్టింది. చేతికి పని లేకుండా ఆవిడకి కథ రాదు.

“పెళ్లి హాలు. కెప్టెన్ తెల్లసూటు. నర్సు ఓ మూల కళ్లు తుడుచుకుంటోంది. పువ్విస్తాడు కదా, ఇచ్చాడు. ‘నా పేరు...’ అని రోజూలాగే మొదలుపెట్టాడు. ఆ పిల్ల చెయ్యెత్తి ఆపింది. హాలంతా లేచి నిలబడింది. ఆ పిల్ల అతని కళ్లలోకి చూసి...”

సూదులు నోట్లోకి వెళ్లాయి.

మామూలుగా అయితే టీచరమ్మ ఇల్లెగిరిపోయేలా అరిచేది. కానీ గొంతుకి వెంట్రుకవాసిలో సూది ఉంది. ఆవిడ గుటక కూడా మింగలేదు. కాజాల పిల్లకి కథ తెలుసు, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. అతను తన మాట చెప్పడానికి ఇదే సమయమని నోరు తెరిచాడు.

“తవ్వాత?”

ఆ గొంతు బల్ల కిందనుంచి వచ్చింది.

కత్తెరక్క పెదాలు విడిపోయి సూదులన్నీ జలజలా టీచరమ్మ కోటు మీద రాలాయి. కాజాల పిల్ల చేతిలోంచి దారపుండ జారి గుమ్మందాకా దొర్లింది. అతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. పాప పట్టె పట్టుకుని, కత్తెరక్క మొహంలోకి చిరాగ్గా చూస్తోంది, ఆలస్యమెందుకన్నట్టు.

అతనికి తెలివొచ్చింది. “ఏమన్నావమ్మా? తర్వాతా? తర్వాత అన్నావా? మళ్లీ అను, తర్వాత! త-ర్వా...”

కత్తెరక్క అరచేయి టక్కున అతని నోటిమీద పడింది. ఆవిడ ఇంకో చేత్తో రాలిన సూదులు ఏరి డబ్బాలో పడేస్తూనే, పాపకేసి వంగి, ఏమీ జరగనట్టు కథ అందుకుంది.

“తర్వాతా? చెప్తా విను గువ్వా. ఆ పిల్ల అంది కదా, ‘మీరు మొదటిసారి ఈ పువ్వు ఇచ్చినరోజు వాన పడుతోంది’ అంది.”

ఆగింది. ఈసారి నోట్లో సూదుల్లేవు. ఊరికే పెదాలు బిగించింది. ఆ నిశ్శబ్దాన్ని పూడ్చెయ్యాలని అతని ప్రాణం కొట్టుకుంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

పాప కాలు నేలకేసి కొట్టింది. “తవ్వాత!”

“అంటే ఏంటమ్మా తర్వాత? దానికి అన్నీ గుర్తున్నాయే! ఆసుపత్రిలో వారంలోపే అంతా గుర్తుకొచ్చింది. ఇన్నేళ్లూ తెలియనట్టు ఊరుకుంది!”

టీచరమ్మ చేష్టలుడిగి స్టూలు మీద కూలబడింది. “అన్నీ తెలిసి? రోజూ ‘మీరెవరు’ అని?”

“మోసం టీచరమ్మా, పచ్చి మోసం!” అని కాజాల పిల్ల లేచింది. “ఆ నర్సు తల్లి ఉసురు తగలదూ!”

“నీ నర్సు సంగతి తర్వాత! ఆ పువ్వుల ఖర్చుకే కెప్టెన్ ఓడ అమ్ముకుని ఉండాలి!” అంది టీచరమ్మ.

కత్తెరక్క చెయ్యి తీసింది. అతను పాపని ఎత్తుకుని, చెమ్మగిల్లిన కళ్లతో అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. అన్నీ తెలిసి ఊరుకుంది! ఆ మాట చెవుల్లో గింగురుమంటోంది. ఆ గదిలో మొదటిసారి అతనూ వాదనలో దిగాడు.

“మరి ఆ అమ్మాయి ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదండీ?”

“ఎవరు మాట్లాడనిచ్చారయ్యా?” అంది కత్తెరక్క. ఆవిడ కూడా ఆ క్షణంలోనే కనిపెట్టినట్టు కళ్లు పెద్దవి చేసింది. “కళ్లు తెరవగానే వాళ్లమ్మ ‘నీ పేరిది’ అంది. కెప్టెన్ ‘నీకు ఈ పువ్వంటే ఇష్టం’ అన్నాడు. నర్సు ‘నీకు గుర్తుండదులే’ అంది. నీకేం గుర్తుందమ్మా అని అడిగి, అడిగాక నోరు మూసుకుని కూర్చున్నవాళ్లు ఒక్కరుంటే చెప్పు! అయినా సరే, ఆ పిల్లని నేను జన్మలో క్షమించను. అది వేరే సంగతి.”

అతనికి తన ఇల్లు కళ్ల ముందు మెదిలింది. పాప వేలు చూపించిందంటే చాలు, ఇది చెంచా, ఇది స్టీలు చెంచా, స్టీలంటే ఇనుమూ కార్బనూ కలిసిన మిశ్రమం అని తానే అందుకునేవాడు. పాప నోరు తెరిచే సందు అందులో ఎక్కడుంది?

“ఇంతకీ నువ్వెందుకొచ్చావు బాబూ? ఏదో చెప్పబోయావు.”

“ఏం లేదండీ,” అన్నాడు. శిశు కేంద్రం వాళ్లకి పాపని చేర్చడం లేదని చెప్పాలని మనసులో అనుకున్నాడు.

కత్తెరక్క రెండు ఎడమచేతుల ముక్కలూ అవతల పెట్టి, కొత్త గుడ్డ పరుస్తూ అంది: “రేపట్నుంచి పిల్లకి ఏదైనా చెప్పేటప్పుడు సగంలో ఆపెయ్యి. ఆపాక నోట్లో గుండుసూదులు ఉన్నాయనుకో. నవ్వకు, నిజంగానే ఉన్నాయనుకో. తెరిచావో, గుచ్చుకుంటాయి.”

డాక్టరు గారికి చూపించడం అతను మానలేదు. ల్యాబులో, దారిలో భయపడటం కూడా మానలేదు. కానీ సాయంత్రం పాపకి నీళ్లు పోసేటప్పుడు, “రబ్బరు బాతు గట్టు మీదికెక్కింది. ఎక్కి, అటూ ఇటూ చూసి...” అని ఆపేస్తాడు. చెప్పాల్సింది నాలుక చివరిదాకా వస్తుంది. పెదాలు గట్టిగా బిగించి, పాప మొహంలోకి చూస్తూ కూర్చుంటాడు.