ఎడమ జేబులో చింతపిక్కలు

మా గురువర్యులు హుసేన్‌పీరా సారు ఇక లేరన్న వార్త మొన్న శుక్రవారం ఎమ్మిగనూరు బడిలో నేను పాఠం చెబుతుండగా చేరింది. "మీ సారు పోయినాడప్పా" అన్నారు ఫోనులో ఆయన సతీమణి ఖాజాబీ అమ్మగారు. చేతిలో సుద్దముక్కతోనే ఆదోని బస్సెక్కాను.

ఆదోని కళాశాలలో ఆయన బోధించింది గణాంకశాస్త్రం. ప్రాణం మాత్రం మనుషుల మాట మీద. ఆస్పరి నుంచి హొళగుంద దాకా ఏ ఊళ్లో గంటసేపటి మాటల్లో ఎన్ని కన్నడ పదాలు దొర్లుతాయన్నదే ఆయన జీవితకాల పరిశోధన. పెన్సిలు కనబడితే జనం సభల్లోలాగా మాట్లాడతారని కాగితం బయటికి తీసేవారు కాదు. ఏ ఊరికైనా మొదటి రెండు రాకలు పరిచయానికే, మూడోసారే లెక్క. ఎడమ జేబు నిండా చింతపిక్కలు పోసుకుని అరుగు మీద కూర్చునేవారు. కన్నడ పదం వినబడగానే ఒక పిక్క కుడి జేబులోకి మారేది. బస్సెక్కాకే నోటుపుస్తకం తెరిచేవారు.

ఇంకో పిచ్చి కూడా ఉండేది. మాంసం కొట్టులో అందరూ కండ అడిగితే ఆయన పొట్టేలు గొంతులోని ఎముక అడిగేవారు. దాన్ని కడిగి, ఎండబెట్టి, మనిషి గొంతు బొమ్మ పక్కన పెట్టి కొలిచేవారు. "కూరకు తెమ్మంటే కొలతకు తెస్తాడు" అని అమ్మగారి దెప్పు. సారు నవ్వి, "పొట్టేలు కంటే మనిషికి గొంతు మెడలో కిందికి దిగినందుకే ఇన్ని మాటలొచ్చినాయని కొందరంటారు. కాదని ఇంకొందరంటారు. కొలిసి సూడల్ల గదప్పా" అనేవారు.

ఇక్కడ నా పాపమొకటి చెప్పక తప్పదు. నాలుగేళ్ల కిందట చిప్పగిరి పక్క నాలుగు ఊళ్ల లెక్క నాకు అప్పగించారు. మా అవ్వది ఆ పక్కే, అక్కడి మాటతీరు నాకు తెలియనిదా అన్న పొగరుతో, ఎండకు జడిసి, ఇంట్లో కూర్చుని అంకెలు వేసేశాను. రెండేళ్ల కిందట ఆయన పరిశోధన పుస్తకం అచ్చుకు వెళ్లింది. ఒక సాయంత్రం సారు నన్ను పిలిపించి నా కాగితాలు ముందు పెట్టారు.

"ఈ ఊర్లకు పోయినావా?"

"పోయినాను సార్."

"మనుషులు ఇంత సమంగా మాట్లాడరప్పా. ఒకడు వాగుతాంటాడు, ఒకడు నోరే తెరవడు. నీ ఊర్లల్లో అందరూ ఒకే తీరు ఉండారే."

తల దించుకున్నాను. ఆయన కొట్టినా బాగుండేది. "రేపు పొద్దున్నే బస్సుంది, రా. వినకుండా రాసింది లెక్క గాదు" అన్నారు, అంతే.

అచ్చుకిచ్చిన పుస్తకం వెనక్కు తెప్పించుకున్నారు. అడిగినవారికి "నా లెక్కలోనే తప్పుంది" అన్నారే గాని నా పేరెత్తలేదు. ఆ నాలుగే కాదు, హొళగుందతో సహా అంతకుముందు నేను లెక్క తెచ్చిన ఊళ్లన్నీ మళ్లీ మొదటినుంచి ఇద్దరం తిరిగాం. మోకాళ్లు అరిగిన ఆ పెద్దమనిషి రెండేళ్లు నా అబద్ధం వెంట నడిచారు. ఆ రెండేళ్లు నేను ఆయన ఆయుష్షులోంచి దొంగిలించినవే.

ఖననం ముగిశాక అమ్మగారు ఆయన సంచి నాకిచ్చారు. నోటుపుస్తకంలో ఊళ్లన్నీ నిండాయి. చివరి పుటలో మాత్రం "హొళగుంద" అన్న పేరు తప్ప ఏమీ లేదు. అక్కడికి మేం రెండుసార్లే వెళ్లొచ్చాం. ఇన్నేళ్లు ఆయన వెంట తిరిగినవాణ్ణి, ఆ అంకె ఎంతుంటుందో నాకు దాదాపు తెలుసు.

"అదొక్కటి నింపి అచ్చుకిస్తావా నాయనా?" అన్నారు అమ్మగారు.

"ఇస్తానమ్మా. పోయి, విని ఇస్తాను."

శిష్యుడి తప్పును తన నెత్తిన వేసుకునే గురువు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు? ఆ లోటు పూడేది కాదు. నిన్న ఆయన పిక్కలు నా ఎడమ జేబులో పోసుకుని హొళగుంద వెళ్లాను. వెనకటి అరుగు మీదే కూర్చున్నాను. ఇంటి పెద్దాయన వక్కాకు చేతిలో పెట్టి, "సాయిబు రాలేదేమప్పా?" అని అడిగాడు. చెప్పాను. ఆయన "ఒళ్ళె మనుష్య" అన్నాడు. కన్నడంలో మంచి మనిషి అని.

పిక్క తీసి కుడి జేబులో వేసుకున్నాను. హొళగుంద పుటలో మొదటి లెక్క మీ గురించిన మాటకే పడింది సార్. వినే రాశాను.