గాసి మామ ఆరాలు

మా గాసి మామకి ఉన్నది ఒకటే జబ్బు. ఎదురైన ప్రతి మనిషినీ "ఎక్కడికి?" అని అడగడం. ఆ మాట అందరూ అడుగుతారనుకోండి, కానీ జవాబు వినరు. గాసి మామ వింటాడు. విన్నాక ఇంకో ఆరు ప్రశ్నలు వేస్తాడు.

డుంబ్రిగుడ కొండల్లో గెడ్డపుట్టు అనే ఊళ్లో ఆరేళ్లు టీచరుగా పనిచేశాను. ఇప్పుడు విశాఖపట్నంలో, లిఫ్టులో రోజూ కలిసేవాళ్లు కూడా ఫోన్లోంచి తలెత్తరు. అప్పుడల్లా ఆయనే గుర్తొస్తాడు.

కొండ వెనకున్న జలాశయంలో గేట్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఇల్లు ఊరికి పైన, కొండగట్టు మీద. తెల్లవారగానే దిగివచ్చి, గెడ్డకి, అంటే మా ఊరి వాగుకి, వెళ్లే దారిలో ఒక రాయి మీద కూర్చునేవాడు. బడిగంట కొట్టేవేళకి మళ్లీ ఇంటికెక్కిపోయేవాడు.

"ఏటి టీచరమ్మా, ఎక్కడికి?"

"బడికి మామా."

"బడయ్యాక?"

"ఇంటికి."

"ఏ దారంట? గెడ్డ దాటా, వంతెన మీంచా?"

"వంతెన మీంచి."

"ఒక్కరేనా?"

బడి తనిఖీకి వచ్చిన అధికారిని కూడా వదల్లేదు. "బాబూ, తానం ఎక్కడ సేత్తారు?" అన్నాడు. ఆ ప్రశ్నకి ఆయన నన్ను వివరణ అడిగాడు! మా పక్కింటి అమ్మాయి భానుని చూడ్డానికి వచ్చిన పెళ్లికొడుకునైతే "ఈతొచ్చునేటి?" అని అడిగాడు. రాదన్నందుకు సంబంధం తప్పిపోయిందనుకుని పాపం ఆ అబ్బాయి అన్నమే ముట్టలేదు.

చిన్నమ్మలు ఆయనకి వరసకి వదిన. గెడ్డలో పీతలు పట్టడంలో ఆవిడని మించినవాళ్లు లేరు, తిట్టడంలోనూ అంతే. "నీకెందుకు గాసీ? నా మొగుడే ఏనాడూ ఇన్ని అడగలేదు!" అని రోజూ ఒక విడత దులిపేది.

వానాకాలంలో ఒక ఆదివారం, తెరిపిచ్చి ఎండ కాసింది. గెడ్డలో బండల దగ్గర హాయిగా తలంటుకుని బట్టలుతుక్కుందామని బకెట్టు పట్టుకుని బయల్దేరాను. ఆరాలు తప్పించుకోడానికి ఒక అబద్ధం ఆడాను.

"సంతకి మామా."

"సంతకా?"

"ఊఁ."

ఆయన బకెట్టు వైపు చూసి ఊరుకున్నాడు. బతికానురా బాబూ అనుకున్నాను.

తల నిండా నురగ, కళ్లల్లో సబ్బు. అప్పుడు పైనుంచి కేక వినిపించింది.

"టీచరమ్మా! లెగండి! నీరొదిలేసినారు!"

అరవై అయిదేళ్ల గాసి మామ ఒక కాలికి చెప్పుతో వాలు మీంచి దూకుతూ వస్తున్నాడు.

"గేట్లకాడ సైరను కూసింది. బేగి రండి!"

"నాకు వినపడలేదే!"

"ఆ మలుపు దాటి రాదమ్మా. మా గట్టు మీదకే సన్నగా ఒత్తాది."

నా చెయ్యి పట్టుకుని గట్టెక్కించాడు.

"నేనిక్కడున్నానని నీకెలా..."

"సంతకి సబ్బు అట్టుకుని ఎల్తారేటి? ఆ పక్క బట్టలుతుకుతున్న రత్నకి సెప్పేసినాను. ఇంక మా వదినొక్కర్తే మిగిలింది."

నురగ తలతోనే ఆయన వెనక పరిగెత్తాను. చిన్నమ్మలు మోకాలి లోతు నీళ్లలో ఉంది. "నీకెందుకు..." అని మొదలెట్టింది. ఆయన ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని బుట్టతో సహా లాక్కొచ్చాం. మేం గట్టెక్కామో లేదో, మలుపులోంచి ఎర్రనీరు కొమ్మల్ని దొర్లించుకుంటూ వచ్చిపడింది. ఆవిడ నిలబడ్డ చోట ఒక తాటి లోతు సుడి. నా బకెట్టూ బట్టలూ మా ముందునుంచే కొట్టుకుపోయాయి.

ముగ్గురం నేలమీద చతికిలబడ్డాం. బుట్టలోంచి ఒక పీత దిగి గాసి మామ పాదం మీంచి నడిచిపోయింది.

చిన్నమ్మలే ముందు తేరుకుంది. "నానీడున్నానని నీకెలా తెలిసింది గాసీ? సెప్పనేదు కదా?"

"ఎటేపు పోతా తిట్టినావో సూసినాను వదినా."

"ఈ అడగడం ఇందుకని ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు మామా?" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. "సెప్తే బయపడి గెడ్డకే రారమ్మా. మరి నీల్లెలాగ? బయం నానొక్కడినీ పడితే సాలదేటి?"

మర్నాడు పొద్దున్న రాయి దగ్గర ఆడవాళ్లందరూ బారులు తీరారు, ఎక్కడికెళ్తున్నారో వాళ్లంతట వాళ్లే చెప్పడానికి. అందరికంటే ముందు చిన్నమ్మలు. ఎక్కడికెళ్తుందో, ఎప్పుడొస్తుందో చెప్పింది. ఆ తర్వాత మేకకి పట్టిన దగ్గు గురించి, కోడలు కూరలో వేసే ఉప్పు గురించి, కోడలి పుట్టింటివాళ్ల గురించి చెప్పింది. గంటసేపు విన్న గాసి మామ రెండు చేతులూ జోడించాడు.

"వదినా, గెడ్డకెల్తావా, ఎల్లవా? అదొక్కటీ సెప్పు."

"ఉండు గాసీ," అని ఆవిడ రాయి మీద ఆయన పక్కనే సర్దుకుని కూచుంది, "కోడలి అన్నగారి సంగతి ఇంకా మొదలెట్టనేదు."