హైదరాబాద్ దగ్గర ద్రాక్షారం

ఆ రోజుల్లో, అంటే మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చి, జీతమొచ్చే ఉద్యోగమూ దానికి మించిన గర్వమూ ఒకేసారి సంపాదించుకున్న రోజుల్లో, ‘ఏ ఊరు మీది?’ అని ఎవరడిగినా కళ్ళార్పకుండా ‘హైదరాబాద్’ అనేవాణ్ణి. నేనొక్కణ్ణేనా? ఊరి శివార్లలో ఉండే వెర్రిబీలో మన సరుకుల కొట్లో బియ్యం బస్తాల దగ్గర నిలబడ్డ తెలుగువాళ్ళలో ఎవర్ని కదిపినా అదే మాట. కాస్త మొహమాటస్తులైతే ‘నియర్ హైదరాబాద్’ అంటారు. (ఈ ‘నియర్’లో శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా అన్నీ పడతాయి.) మాది ద్రాక్షారం. హైదరాబాద్ నుంచి రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ రాదు. పుస్తకాల్లో రాస్తే ద్రాక్షారామం, మేమనేది ద్రాక్షారం, మా అమ్మ నోట్లో పడితే దాచ్చారం. ఆ మూడింట్లో ఏదీ తెల్లవాళ్ళ నోటికి తిరగదని నేనే తీర్మానించి, విమానం దిగుతూనే ఊరిని జేబులో దాచేశాను.

నేనుండే గది ఓనరాంటీ ఇంట్లో ఉండేది. ఆంటీ అంటే ఆవిడకి ఒళ్ళుమంట. ‘నీకు నేను ఏ వరసన ఆంటీని?’ అనేది. పేరు పెట్టి పిలవమనేది. అంత పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. అందుకని ఎదురుగా ఉన్నంతసేపూ ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అని పిలిచి బతికాను. ఆవిడ దక్షిణాఫ్రికాలో పుట్టి, పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చి స్థిరపడిన డచ్చి వంశపు మనిషి. హాల్లో గోడ నిండా ఒక వంశవృక్షం వేలాడదీసి ఉండేది. మన ఇళ్ళల్లో అయితే అందులో అన్నీ మగాళ్ళ పేర్లే కదా, ఇది మాత్రం పూర్తిగా ఆడవాళ్ళది. ఆవిడ తల్లి, ఆ తల్లికి తల్లి, ఆవిడకి తల్లి, అలా పైకి పోతే ఆఫ్రికా కొసన డచ్చివాళ్ళు కొత్తగా కాపురాలు పెట్టిన కాలం దాకా వెళ్ళేది. ఒకావిడ వరసగా ముగ్గురు మొగుళ్ళని పూడ్చిపెట్టి ద్రాక్షతోట పెంచిందట. ఇంకొకావిడ ఎద్దుబండిలో పురుడు పోసుకుని ఆ సాయంత్రమే పొయ్యి వెలిగించిందట. మా ముత్తవ్వ పేరే తెలియని నేను, ఆ గోడ ముందు నోరు తెరుచుకుని నిలబడేవాణ్ణి. చేతిలో కాఫీ చల్లారిపోయేది.

అందరికన్నా పైన ఉన్న పేరు మరియా, ఊరు డాట్సెరోమ్. ఒక్కో పాత కాగితంలో ఆ ఊరికి ఒక్కో స్పెల్లింగు. హాలండ్‌లో అలాంటి ఊరే లేదు. ఆంటీ స్వయంగా వెళ్ళి వెతికి వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఆవిడ అక్కగారు (నేను మనసులో మహారాణి అని పేరు పెట్టుకున్నాను) మాత్రం, ‘అది సముద్రం మింగేసిన డచ్చి పల్లె, మరియా అక్కడి పాస్టరుగారి కూతురు’ అని తేల్చిపారేసింది. బంధువులంతా అదే ఖాయం చేసుకున్నారు. ఆంటీకే నమ్మకం కుదర్లేదు. ‘నేను పోయేలోగా ఆ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి’ అనేది. ఎప్పుడూ ‘ఆ పిల్ల’ అనే అనేది. ఇంత విని, రోజూ ఆ పేరు కళ్ళారా చదివి కూడా, నా బుర్రకి ఏమీ తట్టలేదు. పాపం ఎవరిదో ఊరు మునిగిపోయిందే అని జాలిపడ్డాను కూడా.

ఒక ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఆంటీ పక్కన బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. ఉప్పు డబ్బాకి ఆనించిన ఫోన్లో మా అమ్మ.

“ఒకటే వానరా అబ్బాయ్! దాచ్చారం దాచ్చారమంతా నీళ్ళల్లోనే ఉందనుకో!”

ఆంటీ చేతిలో చాకు ఆగిపోయింది.

“సే దట్ అగైన్,” అంది.

“నేనేం అన్లేదే.”

“నువ్వు కాదు. మీ మమ్మీని అనమను.”

“ఏంటంట్రా ఆవిడ?” అంది అమ్మ.

“వాన సంగతి మళ్ళీ చెప్పమంటున్నారమ్మా.”

“మన వానతో ఆవిడకేం పనిరా? అదేనండీ, దాచ్చారంలో వాన!” (తెలుగు రానివాళ్ళకి గట్టిగా అరిస్తే అర్థమవుతుందని మా అమ్మ నమ్మకం.)

“డాట్సెరోమ్?” అంది ఆంటీ, ఫోన్ మీదకి వంగి.

“ఆఁ, దాచ్చారమే!”

“డాట్సెరోమ్!”

“దాచ్చారవండీ బాబూ!”

ఆంటీ మెల్లగా నా వైపు తిరిగింది. “నువ్వు హైదరాబాద్ అన్నావు కదా?”

“నియర్,” అన్నాను.

ఆ సాయంత్రం ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మా పెద్దవాళ్ళు ఒలందావాళ్ళు అనే ఈ డచ్చివాళ్ళకి ఒకప్పుడు మా ఊళ్ళో బట్టల వ్యాపారం ఉండేది. ఆ పాఠం నేను బళ్ళో బట్టీపట్టి పరీక్షలో రాశాను కూడా. బట్టలతో పాటు కరువు రోజుల్లో మనుషుల్ని కూడా కొని ఓడలెక్కించేవారన్న సంగతి మాత్రం ఆ పాఠంలో లేదు. ఆఫ్రికా కొసకి చేరిన బానిసల పాత జాబితాల్లో డాట్సెరోమ్ మరియా దొరికింది. మరియా అన్నది కొన్నవాళ్ళు పెట్టిన పేరు. కొన్నాళ్ళకి విడుదలై, ఒక డచ్చి రైతుని పెళ్ళాడి, ఆ గోడ మీదున్న వంశానికంతటికీ తల్లయింది. ఆంటీ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పేరు పోయింది, భాష పోయింది, అమ్మా నాన్నా పోయారు. ఊరి పేరొక్కటే పట్టుకుని అంత సముద్రం దాటింది ఆ పిల్ల. ఎవరడిగినా అదే చెప్పి ఉంటుంది. లేకపోతే ఆ కాగితాల్లోకి ఎలా ఎక్కుతుంది? ఆ ఊరి పేరు చెప్పడానికి నాకు నామోషీ!

అమ్మకి చెబితే ఏడుస్తుందనుకున్నాను. “అయితే మీ ఓనరావిడ మన ఊరి ఆడపడుచేరా! చీర పెట్టావా?” అంది.

“ఆవిడేం పుట్టింటికి రాలేదమ్మా.”

“రాకపోతేనేం, నువ్వెళ్ళావుగా! పుట్టింటివాళ్ళే గుమ్మంలోకొచ్చాక ఉత్తచేతుల్తో ఉంటావా? పసుపూ కుంకుమా మర్చిపోకు.”

అలా, జన్మలో చీర కొని ఎరగని నేను వెర్రిబీలో ఒక కొట్టుకెళ్ళి, ‘ఎవరికండీ?’ అని కొట్టావిడ అడిగితే ‘మా ఊరి ఆడపడుచుకి’ అని, ‘రంగెలా ఉంటారు?’ అంటే ‘తెల్లగా, బాగా తెల్లగా’ అని చెప్పి, ఒక పచ్చ నేత చీర తెచ్చాను. ఆ తర్వాత వాళ్ళ బంధువులంతా కలిసిన బార్బీకి (పెరట్లో మాంసం కాల్చుకు తినే విందుని ఇక్కడ అలా అంటారు) ఆంటీ దాన్ని ప్యాంటు మీదే చుట్టుకుని, పిన్నీసుల మీద పిన్నీసులు పెట్టుకుని వచ్చింది. అందరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. పాస్టరుగారి కూతురు కాదు, కొనుక్కొచ్చిన పిల్ల, ఇండియా పిల్ల. పొయ్యి మీద సాసేజీలు మాడుతున్నా ఎవరూ తిప్పలేదు.

మహారాణి లేచి చేతికర్రతో నెమ్మదిగా వచ్చింది. చెల్లెలి చీరచెంగు చేతిలోకి తీసుకుని, వేళ్ళతో నలిపి చూసి, నన్నడిగింది. “ఆ పిల్ల అసలు పేరేంటి?”

ఒకే ఊరివాణ్ణి కదా, నాకు తెలిసే ఉంటుందన్నట్టు అడిగింది. “తెలీదండీ,” అన్నాను, కంగారులో తెలుగులోనే. ఆవిడకి అర్థమైనట్టే ఉంది. తలూపి, చెల్లెలి పక్కనే కూర్చుంది. వెళ్ళేదాకా ఆ చెంగు వదల్లేదు.

ఇప్పుడు ఆంటీ ఓల్డేజ్ హోమ్‌లో ఉంది. ఏటా దసరాకి చీర పట్టుకెళ్తాను. నా పేరు మర్చిపోయి చాలాకాలమైంది. మొన్న వెళ్ళినప్పుడు కొత్త నర్సు, ఎవరీయన అని అడిగింది.

“బాయ్ ఫ్రమ్ మై విలేజ్,” అంది ఆంటీ. (బట్టతల వచ్చిన బాయ్‌ని.)

“ఏ ఊరు?”

“డాట్సెరోమ్.”

“అదెక్కడ?” అంది నర్సు.

ఆంటీ నా వంక ఓరగా చూసింది. ఆ కళ్ళల్లో పాత కొంటెతనం ఇంకా అలాగే ఉంది.

“నియర్ హైదరాబాద్,” అంది.