పసుపు నీళ్లలో కొర్రమీను

మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. పక్కింటి నుంచి కోడికూర వాసన వస్తే మా బాపమ్మ లేచి కిటికీ వేసేస్తుంది. అలాంటి ఇంటి ముందు గదిలో, కమీషన్ మీద పంట అమ్మిపెట్టే మా బాపు అడ్తి దుకాణానికి పసుపు తెచ్చే రైతులు కూర్చునే బల్లకు ఎదురుగా, ఆరడుగుల అద్దాల తొట్టి ఉంది. అందులో మూడు చేపలున్నాయి. మూడూ వేటాడి తినే జాతివే. వాటిని తెచ్చింది నేను. తీసెయ్యమన్న వాళ్లందరి పేర్లూ నా డైరీలో ఉన్నాయి. తీసెయ్యనిది కూడా నేనే.

నేను పెద్దగా మాట్లాడను. చుట్టాలొస్తే వంటింట్లోకి పోతాను. బస్సులో నా సీట్లో ఎవరైనా కూర్చుంటే నిలబడే వస్తాను. ఆడపిల్లవు, చిన్న చిన్న రంగు చేపలు పెంచుకోవచ్చు కదా అని అందరూ అడిగారు. నాకు అవి వద్దు. అవి మనిషి నీడ పడితేనే బెదిరి రాళ్ల వెనక దాక్కుంటాయి. బెదరడం నాకు తెలిసిందే, దాన్ని అద్దంలో పెట్టుకొని చూడాలా? అగ్గిపెట్టెంత ఉన్నప్పుడు తెచ్చిన ఆస్కార్ అనే చేప ఇప్పుడు నా అరచేతికి మించింది. అద్దం దాకా వచ్చి నా కళ్లలోకి చూస్తుంది. రెండోది, ఆరోవానా, నీళ్ల పైభాగంలో వెండి పట్టీలా అటూ ఇటూ తిరుగుతుంది. ఎవరొచ్చినా దారి తప్పుకోదు.

రెండేళ్లు ఒక అబద్ధం మీద నెట్టుకొచ్చాను. వాటికి వేసే గోళీలు పిండితో చేసినవని బాపమ్మకు చెప్పాను. నిజానికి అవి చేప పొడివి.

మొన్న పసుపు సీజన్‌లో మూడోది తెచ్చాను. వారపు అంగడిలో మెండోర నుంచి వచ్చే ఒకామె బతికున్న కొర్రమీనులను టబ్బులో పెట్టి అమ్ముతుంది. చాలా వారాలు దూరం నుంచే చూసి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు దగ్గరికి వెళ్లి, ఆస్కార్ కంటే కొంచెం పొడుగున్న ఒకదాన్ని చూపించాను.

"కోసియ్యాల్నా, బిడ్డా?"

"వద్దు."

"మరి ఇంట్ల కోసుకుంటరా?"

"పెంచుకుంట."

ఆమె కత్తి పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వు అడ్తి షావుకారు బిడ్డవు గాదూ?" అని, పక్కనున్న ఆమె వైపు తిరిగి గట్టిగా అరిచింది. "ఓ అక్కా, ఇన్నవా! గీ పిల్ల కొర్రమీనును సాదుకుంటదట. షావుకారింట్ల!"

చుట్టూ నవ్వారు. మామూలుగా అయితే అక్కడి నుంచి పారిపోయేదాన్ని. ఆ రోజు నిలబడ్డాను. ఆమె చేపను నీళ్ల కవర్లో వేసి ఇస్తూ మాత్రం నవ్వలేదు. "జర పైలం, బిడ్డా. మూత గట్టిగ పెట్టు. గిది గోడ దూకే జాతి."

నేను ఇల్లు చేరకముందే బాపుకు ఫోన్ వచ్చింది.

"అంగడ్ల చేప కొన్నవట?"

"తినెతందుకు గాదు, బాపూ."

"గది నాకెర్కే. ఊరికెట్ల ఎరుక?"

పెద్ద చేపలను కలిపి ఉంచడానికి ఒక పద్ధతి ఉంది. ఒకదాని నోట్లో ఇంకొకటి పట్టకూడదు. తిండి అన్నింటికీ ఒకేసారి, వేర్వేరు మూలల్లో వెయ్యాలి. కొత్తదాన్ని వదిలే రోజు తొట్టిలోని రాళ్లన్నీ తీసి కొత్తగా పేర్చాలి. అప్పుడు ఏ మూల ఎవరిదో పాతవాటికీ తెలియదు, అన్నీ కొత్తవే అవుతాయి. ఇదంతా చదివి డైరీలో రాసుకున్నాను. కొర్రమీనును మూడు వారాలు మేడ మీద డ్రమ్ములో విడిగా ఉంచి, రోగమేమీ లేదని చూశాకే కిందికి తెచ్చాను. కానీ రాళ్లు మాత్రం కదపలేదు. ఎన్నో రోజులు కష్టపడి పేర్చినవి, చూడ్డానికి బాగున్నాయి, కదపబుద్ధి కాలేదు. ఆ తప్పు నాదే.

మూడో రోజు కొర్రమీను ఆస్కార్ ఉండే మూలలోకి వెళ్లింది. ఆస్కార్ తోక చిరిగింది, పక్కన పొలుసులు లేచి తెల్లగా కండ కనిపించింది. మధ్యలో ఒక అద్దం పలక అడ్డం పెట్టి, నా దగ్గర ట్యూషన్ చదివే పిల్లలు వచ్చారని మేడ మీదికి వెళ్లాను. వాళ్లను పంపించి దిగేసరికి తొట్టిలో నీళ్లు లేవు, పసుపు ఉంది. ఫిల్టర్ మూసుకుపోయి మూలుగుతోంది. ఆస్కార్, ఆరోవానా పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొర్రమీను ఒక్కటే దర్జాగా పైకొచ్చి ఇంత గాలి మింగి మళ్లీ అడుక్కు పోయింది. దానికి నీళ్లు చెడినా ఫికర్ లేదు, గాలి పీల్చి బతకగలదు.

పక్కన బాపమ్మ, రెండు చేతులూ పసుపే.

"ఏం చేసినవ్, బాపమ్మా?"

"పుండయింది గదనే దానికి! ఎవ్వలు సూడకపోతిరి. రెండు పిడికిళ్లేసిన. మనం పట్టిచ్చిన పసుపే, బయటిది గాదు."

ఆమెను ఏమనను? మా ఇంట్లో తలుపు సందులో వేలు నలిగినా, దగ్గొచ్చినా, కుక్క కాలు విరిగినా పసుపే మందు. బాపు ఎప్పుడూ నమూనా కొమ్ము విరిచి లోపలి రంగు చూపిస్తూ, దీనితో మానని పుండు లేదని రైతులకే చెబుతాడు.

అమ్మ పరుగెత్తుకొచ్చింది. జీవితంలో చేపను ముట్టని మనిషి, చేపలను ఎత్తడానికి పాత దుప్పటి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం మూడు చేపలనూ వాకిట్లో నిల్వ నీళ్లున్న డ్రమ్ముల్లోకి మార్చాం. తొట్టి ఖాళీ చేసి రాళ్లు కడుగుతుండగా కాక వచ్చాడు. కాక అంటే బాపు తమ్ముడు. వెనకే బాపు కూడా వచ్చాడు.

"మంచిగయింది," అన్నాడు డ్రమ్ముల్లోకి తొంగిచూసి. "నా బండ్ల ఏస్కపోయి శ్రీరాంసాగర్ డ్యాంల ఇడిసొస్త. పుణ్యం గూడ వస్తది."

బాపు నా వైపు చూడకుండా అన్నాడు. "గంతే మంచిదేమో, బిడ్డా. చేపలకూర ఎప్పుడు పెడుతున్నవు సేటూ అని మార్కెట్ల ఒకటే నవ్వుడు."

కాక డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. నేను మూత పెట్టి, దాని మీద నా రెండు చేతులూ పెట్టాను.

"ఇయ్య."

"ఏందీ?"

"ఇయ్యనంటున్న, కాకా. గవి మన దిక్కు చేపలు గావు. ఆడ ఇడిస్తె చిన్న చేపలన్నిటిని మింగుతయి. లేకుంటె అవ్వే సస్తయి. గిండ్ల పుణ్యమేది?"

మాట మధ్యలో ఆపలేదు.

"ఓయబ్బ! దీనికి నోరున్నదే!" కాక నవ్వాడు. "కొర్రమీను మన దిక్కుదే గద. గదన్న ఇయ్యి."

"గది గూడ ఇయ్య."

ఎలాగూ నోరు తెరిచాను కాబట్టి మిగిలిందీ చెప్పేశాను. "బాపమ్మా, గా గోళీలు పిండివి గావు. చేప పొడివి. అబద్ధం చెప్పిన."

బాపమ్మ చేతుల పసుపు కొంగుకు తుడుచుకుంది.

"ఎర్కనే. నా ముక్కేమన్న సచ్చిందా? పిండికి గా కంపుంటదా? రెండేండ్ల సంది నువ్వే చెప్తవేమోనని సూస్తున్న." తర్వాత కాక వైపు తిరిగింది. "నువ్వు చెయ్యి తియ్యిరా. మందేసింది నేను. గా పుండు మానకముందే ఎట్ల పంపిస్తవ్?"

"సరే, మానెదాక ఉండనీ," అన్నాడు బాపు.

ఆ రోజు తొట్టి మళ్లీ నింపినప్పుడు రాళ్లు ఎక్కడివక్కడ పెట్టలేదు. అన్నీ కొత్త చోట్ల పేర్చాను. పాత మూల లేదు. మూడూ కొత్తగా తిరిగి, తలా ఒక చోటు వెతుక్కున్నాయి. మళ్లీ కొట్లాడలేదు. ఆస్కార్ తోక మెల్లగా పెరిగింది, కండ మీద చర్మం కమ్ముకుంది. "సూసినవా, పసుపు పనిచేసింది," అని బాపమ్మ వచ్చిన రైతులందరికీ తొట్టి చూపించి మరీ చెబుతోంది. ఈ ఒక్క విషయంలో నేను వాదించడం లేదు.

ఇప్పుడు రొయ్యలు కూడా వేస్తున్నాను. వాటి డబ్బా మేడ మీదే ఉంటుంది, వంటింట్లోకి రాదు. అది బాపమ్మ షరతు, ఒప్పుకున్నాను. ఆరోవానా ఇంకా పెరుగుతుంది, ఈ తొట్టి దానికి చాలదు. చాలని రోజు ఇంకా పెద్దది కట్టిస్తాను. ఆ మాట కూడా ఇంట్లో చెప్పేశాను.

మొన్న బాపు పేపర్ చదువుతూ తల ఎత్తాడు.

"పుండు మానింది గద?"

"మానింది, బాపూ. అయినా ఉంటయి."

ఆయన నన్ను చూశాడు, తొట్టిని చూశాడు. మళ్లీ పేపర్ విప్పుకున్నాడు.

"మూత గట్టిగ పెట్టు," అన్నాడు.