బయటి మెట్లు

వీధిలో అందరూ ఆమెను కుట్టత్తయ్య అంటారు. ఏ రవిక కుట్టినా లోపల రెండు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదులుతుంది. "ఒళ్ళు ఎప్పుడూ ఒకలాగే ఉంటుందా? రేపు విప్పుకుందురుగాని" అంటుంది. పని మీద ఎంత నమ్మకమో మనుషుల మీద అంత అనుమానం. పాలు తెల్లగా ఉన్నా ఎందుకున్నాయని అడిగే రకం.

అలాంటావిడకు ఇళ్ళ ప్లాన్లు గీసే కోడలు దొరికింది. పాత ఇల్లు కూల్చొద్దు, ఆ గోడల మీదే అంతస్తు వేద్దామంది కోడలు. కూల్చిన ఇటుకలన్నీ పోయేది చెరువు పూడ్చడానికేగా అంది. పడమటి ఎండ ఆగేలా మందపు గోడ, వాన నీళ్ళు పక్కింట్లోకి పోకుండా ఇంకుడు గుంట గీసింది. అత్తయ్యకు అన్నీ నచ్చాయి. నచ్చాయి కాబట్టే అనుమానమొచ్చింది.

అనుకున్నట్టే అయింది. ప్లానులో ఇంట్లోంచి పైకి దారి ఉండగా వీధివైపు ఇంకో మెట్ల వరస! పైన ఓ మూల వంటింటికి సరిపడా నీళ్ళ గొట్టాలు! వేరు కాపురమే, సందేహం లేదు. కొడుకుని పైకి లాక్కుపోయి తనను కింద ఒంటరిగా వదిలేస్తుంది. కొడుకుని నిలదీస్తే "నాకేం తెలుసమ్మా, తననే అడుగు" అని మెల్లగా జారుకున్నాడు.

మెట్లకు కాంక్రీటు పోసే రోజు పొద్దున్నే అత్తయ్య వెళ్ళి సెంట్రింగు చెక్కల మీద కూర్చుంది.

"పోస్తే నా మీదే పొయ్యండి!"

మేస్త్రీ తట్ట దించేశాడు. కోడలు పరుగెత్తుకొచ్చింది.

"అత్తయ్యా, ఇల్లు మనకంటే ఎక్కువ కాలం ఉండాలి కదా. ఎవరెలా ఉన్నా గోడ పగలగొట్టే పని పడకూడదని పెట్టాను. మీరు రవికలో గుడ్డ వదలరూ?"

"ఆ కబుర్లు నా దగ్గర కాదు. వేరుపడటానికే కదా?"

కోడలు తల దించుకుంది.

"అవును. మీ అబ్బాయితో కాదు, నేనొక్కదాన్నే. ఎప్పుడైనా మీరు నన్ను పొమ్మంటే, వీధిలోకి కాకుండా పైకి పోవచ్చని."

పాలు పొంగినా, ఫోను మోగినా, గుమ్మం దాటినా తను ఈ పిల్లను అడిగిన ప్రశ్నలన్నీ అత్తయ్యకు వరసగా గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ తనకే భయమనుకుంది. తనను చూసి ఇంకొకరు భయపడుతున్నారని ఏనాడూ తట్టలేదు. సిగ్గేసింది.

లేచి చీర దులుపుకుంది.

"పొయ్యవయ్యా మేస్త్రీ. రెయిలింగు మాత్రం నా చేతికి అందేలా పెట్టు. పిల్ల అలిగి పైకెళ్తే, ఎక్కి బతిమాలుకోవాల్సింది నేనేగా."